అమోనియా వాసన, తాండూరు బండల అరుగు

మొన్న ఆదివారం ఇంట్లో సోఫాలు శుభ్రం చేయడానికి ఒక కుర్రాడు వచ్చాడు. తెచ్చుకున్న సీసాల్లో ఒకదాని మూత తీశాడో లేదో హాలంతా ఘాటు. మా ఆయన దగ్గుకుంటూ బాల్కనీలోకి వెళ్లిపోయారు. ఆ అబ్బాయి "రెండు నిమిషాల్లో పోతుంది మేడమ్" అంటూ గబగబా కిటికీలు తీస్తున్నాడు. నేను కదల్లేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా అక్కడే నిలబడి ఇంకోసారి పీల్చాను. అమోనియా! ఎన్నేళ్లయిందో ఆ వాసన తగిలి.

నా మొదటి ఉద్యోగమంతా ఆ వాసనే. హిమాయత్‌నగర్‌లో ఒక సందు, కింద జిరాక్స్ షాపు, పైన రెండో అంతస్తులో మా ఆఫీసు. ఏడుగురు డ్రాఫ్ట్స్‌మెన్, ఇద్దరం ఆర్కిటెక్టులం, మా సార్. వెనక బాత్‌రూమ్ పక్కనున్న ఇరుకు గదిలో ప్రింట్ మెషీన్ ఉండేది. ట్రేసింగ్ షీటు మీద ఇంకుతో గీసిన డ్రాయింగును పసుపుపచ్చ కాగితం మీద పెట్టి వెలుగులోంచి పోనిచ్చేవాళ్లు. వెలుగు తగిలిన చోట పసుపు పోతుంది, గీత అడ్డుపడిన చోట మిగులుతుంది. తర్వాత దానికి అమోనియా ఆవిరి పట్టిస్తే గీతలన్నీ నీలంగా పైకి తేలతాయి. వెచ్చగా, కాస్త తడిగా చేతికొచ్చేది కాగితం. సైటుకి పంపాలంటే ఒక్కో షీటుకి ఆరు కాపీలు, అలాంటివి నలభై షీట్లు. ఆ రోజు మధ్యాహ్నం డబ్బాలో పెరుగన్నం కూడా అమోనియా వాసనే వచ్చేది. రాత్రి తల దువ్వుకుంటుంటే జుట్టులోంచి వచ్చేది.

గీత తప్పితే బ్లేడుతో గీకాలి. షీటు చిరక్కుండా ఇంకు మాత్రం లేచేలా గీకడం ఒక విద్య. మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌ని అందరం బాబాయ్ అనేవాళ్లం, ఆయన బ్లేడుని సగానికి విరిచి, వేలితో షీటుని బిగబట్టి గీకితే అక్కడ గీత ఉండేదని కూడా తెలిసేది కాదు. పొద్దున్నే రాగానే రాట్రింగ్ పెన్నుని, అంటే సూదిలాంటి మొనతో ఇంకు గీతలు గీసే పెన్నుని, చెవి దగ్గర పెట్టుకుని ఊపేవారు. టిక్ టిక్ మంటే సరే, లోపల సూది ఆడుతున్నట్టు. చప్పుడు లేకపోతే ఇంకు గడ్డకట్టినట్టు. ఏడుగురూ ఒకేసారి పెన్నులు ఊపే ఆ చప్పుడుతో మా ఆఫీసు మొదలయ్యేది.

అప్పట్లో మేం గీసినవి ఎక్కువగా కాలేజీలే. ఇంజనీరింగ్ కాలేజీలు జిల్లాజిల్లాకీ, తర్వాత మండలమండలానికీ వస్తున్న రోజులు. ఉమ్మడి రాష్ట్రంలో చివరికి ఏడు వందలు దాటాయి. మాకు ఊపిరాడేది కాదు. జూన్‌లో అనుకుంటే వచ్చే ఏడాది ఇన్‌స్పెక్షన్‌కి బ్లాకు లేచి ఉండాలి. ఇన్ని క్లాసులు, ఇన్ని ల్యాబులు, ఒక్కో క్లాసు ఇంత అని పట్టిక ఇచ్చేవాళ్లు, దాన్ని పెట్టెల్లా పేర్చుకుంటూ పోవడమే. తర్వాతి ఏళ్లలో ఇలాంటి కాలేజీలకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ నిబంధనల్లో క్లాసురూముకి 66 చదరపు మీటర్లు, ట్యుటోరియల్ గదికి 33 అని ఉండేది, నాకు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా వస్తుంది. కారిడార్లు, మెట్లు అన్నీ కలిపి సర్క్యులేషన్ అనే ఒక్క పద్దు. పిల్లలు తిరగడానికి లెక్క ఉంది, ఆగడానికి లేదు.

ఆ పద్దు చూసినప్పుడల్లా నాకు మా నాయనమ్మ ఇంటి అరుగు గుర్తొచ్చేది.

* * *

మా ఊరు సూర్యాపేట దగ్గర. నాయనమ్మ ఇంటి ముందు వీధి వైపు రెండు అరుగులు, మధ్యలో గడప. పైన తాటిదూలాల మీద పెంకుల చూరు ముందుకొచ్చి ఉండేది కాబట్టి ఎండొచ్చినా వానొచ్చినా అరుగు అరుగే. ఎవరైనా కూర్చోవచ్చు. బస్సుకోసం చూసేవాళ్లు, గాజులమ్మే ఆమె, బడినుంచి వస్తున్న పంతులు గారు, పోస్టుమ్యాన్. ఎందుకు కూర్చున్నావని అడిగేవాళ్లు లేరు. లోపల్నుంచి చెంబుతో మంచినీళ్లు వచ్చేవి, అంతే. ఎడమవైపు అరుగు మీద బండలో పులిజూదం గీసి ఉండేది. మూడు పులులు, పదిహేను మేకలు. చింతగింజలు, గులకరాళ్లు ఎప్పుడూ ఆ మూల కుప్పగా ఉండేవి. ఆ గీతలు ఎవరు చెక్కారో మా తాతకీ తెలియదు.

కానీ ఒక విషయం చెప్పాలి. పగలంతా ఆ అరుగు మగవాళ్లది. మా అమ్మ, పెద్దమ్మ, నాయనమ్మ కూర్చునేది పెరట్లో, రోలు పక్కన. సాయంత్రం మగవాళ్లు హోటలుకో, బావి దగ్గరికో వెళ్లాక, దీపాలు పెట్టే వేళకి నాయనమ్మ కొంగు భుజమ్మీదకి లాక్కుని వచ్చి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చునేది. ఎదురింటి వాళ్లు వాళ్ల అరుగు మీద. మధ్యలో బాట. గొంతు పెంచకుండానే మాట్లాడుకునేవాళ్లు, బాట అంత ఇరుకు మరి. ఆ అరగంట కోసం నాయనమ్మ పొద్దున్నుంచి పనంతా తోసుకొచ్చేదని నాకిప్పుడు అర్థమవుతోంది. ఆ మాటల్లోనే పెళ్లి సంబంధాలు, అప్పులు, ఎవరి గేదె ఈనింది, ఎవరి కోడలు పుట్టింటికి వెళ్లింది అన్నీ తేలేవి. నేను ఆమె తొడ మీద తల పెట్టుకుని వింటూ నిద్రపోయేదాన్ని. బండ మాత్రం రాత్రి దాకా వెచ్చగానే ఉండేది.

* * *

మా చిన్నాన్న ఉస్మానియాలో ఎంఏ చదివేవారు. మా ఇంట్లో పట్నం వెళ్లి చదివిన మొదటి మనిషి. ఒకసారి నాన్న ఆయనకి బియ్యం, పచ్చళ్లు ఇవ్వడానికి వెళ్తూ నన్నూ తీసుకెళ్లారు. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. అదే నేను చూసిన మొదటి యూనివర్సిటీ.

హాస్టలు గదిలో రెండు మంచాలు, ముగ్గురు మనుషులు. గోడకి తాడు కట్టి బట్టలు. నేను రాగానే ఒకాయన లుంగీ సర్దుకుని బయటికి పరుగెత్తారు. మెస్‌లో పప్పుచారు ఇంత పెద్ద బకెట్‌లోంచి పోస్తుంటే నోరు తెరుచుకుని చూశాను. అక్కడ నాకు బాగా నచ్చింది ఏంటంటే, అందరూ అందరినీ పలకరించుకోవడం. చిన్నాన్న వరండాలో పది అడుగులు వేస్తే నలుగురు ఆపేవారు. "ఏం సార్, అన్న బిడ్డనా?" అని నా బుగ్గ గిల్లేవాళ్లు.

సాయంత్రం ఆర్ట్స్ కాలేజీకి తీసుకెళ్లారు. ఆ గులాబి రంగు రాతి భవనం ముందు నిలబడి తల పైకెత్తితే మెడ నొప్పి పుట్టింది. ఆ రోజు అది ఎవరు కట్టారో నాకెవరూ చెప్పలేదు, అన్నీ తర్వాత చదువుకున్నవే. ఉస్మానియా మొదలైంది 1918లో, ఒక భారతీయ భాషని, ఉర్దూని, బోధనా మాధ్యమంగా పెట్టుకుని. భవనాలు కట్టించే ముందు సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరిని దేశదేశాల యూనివర్సిటీలు చూసి రమ్మని పంపారు. కైరోలో పని చేసిన బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్ నమూనా గీశారు. 1934లో పునాదిరాయి, 1939 డిసెంబర్‌లో ప్రారంభం. లోపల స్తంభాల్లో అజంతా, ఎల్లోరాల పోలికలు ఉంటాయి, బయట పెద్ద కమాను. ఇవన్నీ నేను పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాను కూడా. కానీ ఆ సాయంత్రం నాకు పట్టింది మెట్లు.

అంత వెడల్పు మెట్లు నేను ఎక్కడా చూడలేదు. వందమంది కూర్చున్నా ఎక్కేవాళ్లకి దారి ఉంది. ఒక మూల ఎవరో గట్టిగా ఏదో వాదించుకుంటున్నారు, ఇంకో మూల ఒకాయన ఒక్కడే పుస్తకం చదువుకుంటున్నాడు, పల్లీలమ్మే మనిషి పొట్లాలు పట్టుకుని మధ్యలో తిరుగుతున్నాడు. కింది మెట్టు మీద నలుగురు అమ్మాయిలు కూర్చున్నారు. చీరల్లో, పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని, నవ్వుకుంటూ. చుట్టూ అంతమంది మగవాళ్లు ఉన్నా వాళ్లు కొంగులు సర్దుకోవడం లేదు, లేచి వెళ్లాలన్న తొందర లేదు. నాయనమ్మ ఊళ్లో చీకటి పడేదాకా ఆగాల్సి వచ్చేది కదా, వీళ్లు ఇంకా వెలుతురుండగానే! నేను చిన్నాన్న చెయ్యి వదిలి వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాను. రాయి వెచ్చగా ఉంది. అచ్చం మా అరుగులాగే.

ఆ నలుగురిలో ఒకామె నాకు పల్లీలు పెట్టింది. ఆమె ముఖం గుర్తులేదు, చేతికున్న నల్ల పట్టీ గడియారం గుర్తుంది.

తర్వాత ఎన్నో ఏళ్లకి తెలంగాణ ఉద్యమంలో టీవీలో ఆ మెట్ల ముందు వేలమంది పిల్లల్ని చూస్తున్నప్పుడు, చిన్నాన్న మా ఇంట్లోనే ఉన్నారు. "మేం కూర్చున్న జాగానే" అని ఒకే ఒక్క మాట అని ఊరుకున్నారు. గొంతు పూడుకుపోయింది ఆయనకి.

* * *

నేను ఆర్కిటెక్చర్ చదివింది మాసబ్‌ట్యాంక్‌లో. ఒకే ఆవరణలో మేమూ, ఫైన్ ఆర్ట్స్ వాళ్లూ. మా స్టూడియోలోంచి బయటికొస్తే శిల్పం నేర్చుకునేవాళ్ల సుత్తి చప్పుడు, ప్లాస్టర్ దుమ్ము. పెయింటింగ్ వాళ్లు కాన్వాసులు ఎండకి పెట్టేవాళ్లు. వాళ్ల దగ్గర కూర్చునే నేను చెట్టు గీయడం నేర్చుకున్నాను, అది ఏ సిలబస్‌లోనూ లేదు. సబ్మిషన్ ముందు రాత్రుళ్లు మగపిల్లలు స్టూడియోలోనే పడుకునేవాళ్లు. మేం వెళ్లిపోవాల్సిందే, ఎందుకంటే నేనుండే ప్రైవేటు హాస్టలు గేటు ఆరున్నరకి మూసేసేవారు. ఆరున్నర దాటితే ఇంటికి ఫోను. డ్రాయింగ్ బోర్డు చంకలో పెట్టుకుని, మినీ డ్రాఫ్టర్ సంచీతో బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ ఆ గేటు కోసం పరుగెత్తడం, నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. రాత్రి స్టూడియోలో ఏం మాట్లాడుకున్నారో, ఎవరు ఎవరి మోడల్ సరిచేశారో, పొద్దున వెళ్లేసరికి అన్నీ అయిపోయి ఉండేవి. చదువులో సగం అక్కడే జరిగేదని నా గట్టి నమ్మకం. ఆ సగం మాకు అందలేదు.

మా ఊరి స్నేహితురాలు ఒకతి సెంట్రల్ యూనివర్సిటీలో చేరింది. శని ఆదివారాలు మెహిదీపట్నంలో లింగంపల్లి బస్సెక్కి దాని దగ్గరికి వెళ్లిపోయేదాన్ని. అప్పటికి గచ్చిబౌలి అంటే రాళ్లు, తుప్పలు, మధ్యలో ఒక రోడ్డు. 1974లో ఆ యూనివర్సిటీ మొదలైనప్పుడు సరోజినీ నాయుడు గారి ఇల్లు, అబిడ్స్‌లోని గోల్డెన్ థ్రెషోల్డ్‌లో నడిచిందని, తర్వాత ఇక్కడ 2,300 ఎకరాలు ఇచ్చారని అది గర్వంగా చెప్పేది. లోపల ఒక చోటి నుంచి ఇంకో చోటికి సైకిలే. నాకు డబుల్స్ ఎక్కడం అక్కడే అలవాటైంది.

మొదటిసారి వెళ్లిన రాత్రి భోజనాలయ్యాక అది చెప్పులేసుకుని "పద, టీ తాగొద్దాం" అంది. టైము పదిన్నర. నాకు గుండె దడదడలాడింది. షాప్‌కామ్ అనేవాళ్లు, నాలుగు దుకాణాలు, టీ, బన్ను, ఎస్టీడీ బూత్. అక్కడ కట్టల మీద, బండల మీద, ఎక్కడపడితే అక్కడ జనం. అమ్మాయిలు, అబ్బాయిలు, ఒకరిద్దరు మాస్టార్లు కూడా. ఒక మలయాళీ అమ్మాయి, ఒక ఒడియా అబ్బాయి ఏదో సిద్ధాంతం మీద ఇంగ్లీషులో పోట్లాడుకుంటుంటే మధ్యలో మా కరీంనగర్ పిల్లవాడొకడు తెలుగులో సర్దిచెబుతున్నాడు. ఎవరూ మమ్మల్ని చూడలేదు. పదిన్నరకి ఇద్దరు ఆడపిల్లలు టీ తాగుతుంటే అందులో చూడటానికి ఏమీ లేదు అక్కడ. గ్లాసు పట్టుకున్న నా చెయ్యి వణికింది, చలికి కాదు.

పొద్దున గోప్స్ క్యాంటీన్‌లో దోశ. అక్కడి కొండరాళ్లని చాలావరకు అలాగే ఉంచేశారు, భవనాలే వాటి మధ్య సర్దుకున్నాయి. ఎవరూ గీయని అరుగులు అవి. మష్రూమ్ రాక్ దగ్గర కూర్చుని నా థీసిస్ అంతా నా స్నేహితురాలితో వాగేదాన్ని, ఏమీ అర్థం కాకపోయినా ఊఁ కొట్టేది పాపం.

* * *

స్టడీ టూర్ అహ్మదాబాద్‌కి. సికింద్రాబాద్‌లో రైలెక్కి రెండు రాత్రులు పులిహోర, చపాతీలు తింటూ వెళ్లాం. ఆర్కిటెక్చర్ చదివేవాళ్లందరికీ అది కాశీయాత్రే.

ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషి గారు 1962లో పెట్టిన స్కూల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌కి ముందు వెళ్లాం. గేటు, రిసెప్షను, సెక్యూరిటీ ఇలాంటివి వెతుక్కుంటున్నాం మేము. ఇటుక గోడలు, కాంక్రీటు, కింద అంతా ఖాళీ. భవనం కింద నుంచే నడిచి అటు వెళ్లిపోవచ్చు. ఆ ఖాళీలో కొందరు మోడల్ చేసుకుంటున్నారు, ఒకమ్మాయి కాంక్రీటు మెట్టు మీద నిద్రపోతోంది, తల కింద బ్యాగు పెట్టుకుని. పట్టపగలు, అందరి మధ్యా. ఒక కుక్క ఆమె కాళ్ల దగ్గర. మాతో వచ్చిన మాస్టారు నార్త్ లైట్ గురించి చెబుతున్నారు, ఉత్తరం నుంచి వచ్చే వెలుగు స్టూడియోల్లోకి ఎలా దిగుతుందో. నేను ఆ అమ్మాయినే చూస్తున్నాను. ఆడపిల్ల అంత నిశ్చింతగా నిద్రపోగలిగిందంటే ఆ భవనం గురించి ఇంకేం చెప్పక్కర్లేదనిపించింది. నా స్కెచ్ బుక్కులో ఆ రోజు గీసింది ఆమెనే, భవనం వెనకాల ఎక్కడో ఉంటుంది.

మర్నాడు ఐఐఎం. అమెరికన్ ఆర్కిటెక్టు లూయీ కాన్ గీసింది. ఆయన్ని ఈ పనికి తీసుకొచ్చింది కూడా దోషిగారే. ఇటుక కమానులు, వాటి కింద కాంక్రీటు కట్టు, గోడల్లో పెద్ద పెద్ద గుండ్రటి ఖాళీలు. అందరూ వాటి ఫొటోలు తీసుకుంటుంటే నేను డార్మిటరీ ప్లాన్ చూసి అక్కడే చతికిలబడ్డాను. మా హాస్టళ్లలో ఉండేటట్టు పొడుగాటి కారిడారు, అటూ ఇటూ గదులు లేవు. పదేసి గదులు ఒక మెట్లదారి చుట్టూ, టీ తాగే చోటు చుట్టూ. అంటే నీ గదిలోకి వెళ్లాలంటే ఆ టీ తాగేవాళ్లని దాటుకుని వెళ్లాలి, వాళ్లు "రా, కూర్చో" అంటారు. కారిడార్‌కి పోయే జాగానే కలిసి కూర్చునే జాగా చేశాడు ఆ మహానుభావుడు. 1974 మార్చిలో ఆయన చనిపోయింది ఇండియా నుంచి తిరిగి వెళ్తూ, న్యూయార్క్ రైల్వే స్టేషన్‌లో.

2020 డిసెంబర్‌లో ఆ 18 డార్మిటరీల్లో 14 పడగొడతారని వార్త వచ్చినప్పుడు మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపు రాత్రంతా మేలుకుంది. దేశదేశాల నుంచి నిరసనలు, కొత్త సంవత్సరం రోజునే ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు అప్పటికి. భూకంపం దెబ్బ, కారుతున్న గోడలు, అవన్నీ నిజమే కావచ్చు. కానీ ఆ టీ చోట్లు పోతే మళ్లీ ఎవరు గీస్తారు? దోషిగారు 2023 జనవరిలో పోయిన రోజు నేను పాత స్కెచ్ బుక్కు తీసి, నిద్రపోతున్న ఆ అమ్మాయిని చూసుకున్నాను.

* * *

ఇవన్నీ తలలో పెట్టుకుని హిమాయత్‌నగర్ ఆఫీసులో చేరితే, నాకు మొదటగా సొంతంగా అప్పగించిన పని నల్లగొండ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీ. నేను రాత్రుళ్లు కూర్చుని మధ్యలో ఒక పెద్ద ఆవరణ పెట్టి, దానికి మూడువైపులా వెడల్పాటి మెట్లు గీశాను. ఛైర్మన్ గారు వచ్చారు. మంచి మనిషే, పొలాలమ్మి కాలేజీ పెడుతున్నారు. ప్లాన్ మీద వేలు పెట్టి అడిగారు.

"ఈ మెట్లు ఎక్కడికి పోతయమ్మా?"

"ఎక్కడికీ పోవండి. పిల్లలు కూర్చోవడానికి."

"కూర్చోవడానికి క్లాసులున్నయి గద."

నేను ఏదో చెప్పబోయాను. ఆయన సార్ వైపు తిరిగి, "ఆడపిల్లలు మొగపిల్లలు గీడ కూసొని ముచ్చట్లు పెడితే తల్లిదండ్రులు చూస్తరు. ఒక్క ఫొటో పేపర్ల పడితే వచ్చే ఏడు అడ్మిషన్లుండయి. మెట్లు తీసెయ్యిండ్రి. ఎక్కేటి మెట్లు గూడ ఆడపిల్లలకి ఒకటి, మొగపిల్లలకి ఒకటి పెట్టిండ్రి" అన్నారు. అక్కడ కోపం తెచ్చుకోవడానికి లేదు, ఆయన చెప్పిన భయం నిజమైనదే. తల్లిదండ్రులు నిజంగానే అలా అడిగేవాళ్లు. కామన్ రూములు మాత్రం ఇన్‌స్పెక్షన్ కోసం ప్లాన్‌లో ఉండాలి కాబట్టి ఉన్నాయి. తర్వాత నేను వెళ్లినప్పుడు గర్ల్స్ కామన్ రూములో విరిగిన బెంచీలు, జవాబు పత్రాల కట్టలు నింపి తాళం వేసి ఉంది.

ఆ రోజు బాత్‌రూములోకి వెళ్లి ఏడ్చాను, పక్కగది అమోనియా వల్లే కళ్లు ఎర్రబడ్డాయని అందరూ అనుకున్నారు. సాయంత్రం సార్ పిలిచారు. "మెట్లు పోయాయి, వదిలెయ్. ప్లాన్ అందరూ చదువుతారు, సెక్షన్ చదివేవాళ్లు తక్కువ" అన్నారు. అంతే అన్నారు. ప్లాన్ అంటే పైనుంచి చూసినట్టు గీసేది, సెక్షన్ అంటే భవనాన్ని నిలువునా కోసినట్టు గీసేది, ఎత్తులు తెలిసేది అందులోనే.

ఆ రాత్రంతా ఆలోచించాను. బ్లాకు తూర్పు గోడ వెంబడి, అరవై మీటర్లు, పునాది ఎత్తులో సగానికి ఒక గట్టు లాగాను. పద్దెనిమిది అంగుళాల ఎత్తు, రెండడుగుల వెడల్పు. ప్లాన్‌లో రెండు గీతలే, పక్కన ప్లింత్ ప్రొటెక్షన్ అని రాశాను. వాన నీళ్లు గోడకి తగలకుండా వేసే పని అది, ఎవరూ అడగరు. తూర్పు వైపే ఎందుకంటే మధ్యాహ్నం రెండు దాటాక బిల్డింగు నీడ అటే పడుతుంది, మన ఎండల్లో నీడ లేని చోట ఎవరూ కూర్చోరు. ఇంకో సంగతి, అది చాటుగా ఉండకూడదు. లైబ్రరీ కిటికీలూ, ఆఫీసు కిటికీలూ అటే తెరుచుకునేలా పెట్టాను. చాటున్న చోట ఆడపిల్ల కూర్చుంటే మాట పడుతుంది. అందరికీ కనబడే చోట కూర్చుంటే ఎవరూ ఏమీ అనలేరు, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఆ నలుగురూ అలాగే కదా కూర్చున్నారు.

సైటులో మేస్త్రీకి డ్రాయింగు చూపించి ప్లింత్ ప్రొటెక్షన్ అని వివరించబోయాను. ఆయన సెక్షన్ చూశాడు, నా ముఖం చూశాడు. "అరుగే గదమ్మా" అన్నాడు. ఇంక నేనేం చెప్పలేదు, ఆయనే చేసుకుపోయాడు. పైన తాండూరు బండలు, నీళ్లు నిలవకుండా బయటికి సన్నగా వాటం, మోకాలి వెనక కోసుకోకుండా అంచు గుండ్రంగా రాపించాడు. అది నేను గీయలేదు.

ఒక రోజు మధ్యాహ్నం వెళ్లేసరికి కూలీలు అన్నాలు తిని ఒక బండ చుట్టూ గుమిగూడి ఉన్నారు. ఉలితో పులిజూదం గీసుకున్నారు. కాంట్రాక్టరు అరుస్తున్నాడు, బండ పాడైంది, తిప్పి వెయ్యండి అని. నేను అడ్డుపడ్డాను, అలాగే ఉండనివ్వండి, నేను చూసుకుంటాను అని. ఎందుకు చెప్పానో అప్పుడు నాకూ సరిగ్గా తెలియదు.

* * *

సోఫా కుర్రాడు వెళ్లాక అటక మీది ప్రింట్ల గొట్టం దింపించాను. అమోనియా ప్రింట్లు వెలుగు తగిలితే వెలిసిపోతాయి, చుట్టి పెట్టినా వెలిసిపోయాయి. తూర్పు గోడ దగ్గర ఆ రెండు గీతలు భూతద్దం పెడితే గానీ కనబడటం లేదు. మనసు ఆగలేదు. శుక్రవారం సూర్యాపేటలో పెళ్లికి వెళ్లి వస్తూ డ్రైవర్‌ని కాలేజీ వైపు తిప్పమన్నాను.

వాచ్‌మన్ "ఎవరు కావాలె మేడమ్?" అన్నాడు. ఈ బిల్డింగు గీసింది నేనే అంటే నమ్మాడో లేదో, లోపలికి వదిలాడు. నేను మెట్లు పెట్టాలనుకున్న ఆవరణలో కార్లు ఆగి ఉన్నాయి. ఆడపిల్లల మెట్లు, మగపిల్లల మెట్లు ఇంకా విడివిడిగానే ఉన్నాయి, కానీ ఇప్పుడు రెంట్లోంచీ అందరూ దిగుతున్నారు. తూర్పు వైపు వెళ్లాను. అరుగు సగం లేదు, జనరేటర్ గది వచ్చింది. మిగతా సగం ఉంది.

నిండా పిల్లలు. చెప్పులు కింద వదిలేసి, కాళ్లు పైన పెట్టుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్‌తో ఒకమ్మాయి. ఒకే చిప్స్ ప్యాకెట్‌లో నాలుగు చేతులు. ఒక కుర్రాడు ఇంకో అమ్మాయికి ఏదో లెక్క చెబుతున్నాడు, ఆమె కాదంటోంది. కిటికీలోంచి లైబ్రరీ మాస్టారు అందరికీ కనబడుతూనే ఉన్నారు. బ్యాగులో ఎప్పుడూ ఉండే టేపు తీసి కొలిచాను, పదిహేను అంగుళాలు వచ్చింది. ముందు సిమెంటు టైల్స్ పరిచి నేల మూడంగుళాలు లేపేశారు. అంచు నున్నగా అరిగి మెరుస్తోంది.

పులిజూదం బండ కోసం వెతికాను. చివర్నుంచి మూడోది. దాని మీద కూర్చున్న అమ్మాయిలు జరిగారు.

"ఇదేంటో మీకు తెలుసా ఆంటీ? మేమంతా స్టార్ అనుకుంటాం. మీటింగ్ ఎట్ స్టార్ అని మెసేజ్ పెట్టుకుంటాం."

నేను వాళ్ల పక్కన కూర్చున్నాను. బండ వెచ్చగా ఉంది. పూలకుండీలోంచి గులకరాళ్లు ఏరుకురమ్మన్నాను, ఇద్దరు పరుగెత్తారు. పెద్దవి మూడు పులులు, చిన్నవి పదిహేను మేకలు అని చెప్పి, మొదటి పులిని పై కొసన ఎలా పెట్టాలో, మేకలు ఎలా కట్టడి చేయాలో చూపిస్తున్నాను. చుట్టూ ఓ పదిమంది మూగారు. ఒక అబ్బాయి వీడియో తీస్తున్నాడు. మా చిన్నప్పుడు నాయనమ్మ నన్ను ఎప్పుడూ పులులవైపే ఆడనిచ్చేది, తను మేకలు తీసుకుని మరీ గెలిచేది, అది చెబుతున్నాను.

నాలుగూ పదికి బస్సుల హారన్లు మొదలయ్యాయి. ఈ కాలేజీల్లో సాయంత్రం ఉండదు, బస్సు కదిలితే అయిపోయినట్టే, అది నేను ఏ డ్రాయింగులోనూ పెట్టలేకపోయాను. పిల్లలు బ్యాగులు సర్దుకుంటున్నారు, "సోమవారం ఆడతాం ఆంటీ, రాళ్లు తీయొద్దు" అంటూ ఒకరినొకరు తోసుకుంటూ పరుగెత్తారు. ఐదు మేకలు పెట్టి ఉన్నాయి, రెండు పులులు. డ్రైవర్ వచ్చి వెళ్దామా మేడమ్ అన్నాడు. పది నిమిషాలు ఆగమన్నాను.